అడ్డరాడ్డు

ఎనభైల్లో బత్తలపల్లె దగ్గర ధర్మవరం రోడ్డు మీద నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. లారీలు, జీపులు నా చేతికింద నలిగినన్ని ఆ చుట్టుపక్కల ఇంకెవరి చేతికిందా నలగలేదు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పుకునేవాణ్ణి.

ధర్మవరం పట్టుచీరల షావుకారు ఒకాయన కొత్త రకం కారు కొన్నాడు. దాని డ్రైవరు నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఒకరోజు పొద్దున్నే కారు తెచ్చి, "ఎనకపక్క యాడో టకటకమంటాండాదన్నా" అన్నాడు. కిందికి దూరి చూశాను. వెనక ఇరుసుకు అడ్డంగా ఒక ఇనుప రాడ్డు. ఒక కొస ఇరుసుకు, ఇంకో కొస బాడీకి బిగించి ఉంది. కొసనున్న రబ్బరు బుష్షు అరిగిపోయింది. ఆ రబ్బరు బెంగుళూరులో తప్ప దొరకదని చెప్పాను.

"వచ్చేదాకా బండి ఈడే పెట్టిపోనా?" అన్నాడు.

"ఏమప్పా, దీనికోసం బండి నిలుపుతావా? లారీకుండాదా ఇట్లాంటి రాడ్డు? అంత బరువు మోసేదానికే లేదు, దీనికెందుకు, ఉత్త దండగ!" అని రాడ్డు విప్పి మూలకు పారేశాను. చప్పుడు పోయింది. నాకు భలే సంబరమైంది.

లారీకి ఎందుకు లేదో ఆలోచించనే లేదు, తలపొగరు. లారీ ఇరుసును ఒకదానిమీదొకటి పేర్చిన కమాను పట్టీలే పట్టుకుంటాయి. బరువూ అవే మోస్తాయి, పక్కకూ జరగనీయవు. ఈ కారుకు పట్టీలు లేవు, చుట్ట స్ప్రింగులు. స్ప్రింగు బరువు మోస్తుంది గాని, ఇరుసు పక్కకు పోతే ఆపలేదు. ఆపేది ఆ ఒక్క రాడ్డే.

మూడోరోజు మలుపులో కారు వెనకభాగం ఊగిపోయి కల్వర్టు గోడకు కొట్టుకుంది. షావుకారుకు చెయ్యి విరిగింది. కారును నా షెడ్డుకే లాక్కొచ్చారు. వెనకవైపు బాడీని భుజంతో నెట్టి చూశాను. ఇరుసు మీద బాడీ పక్కకు జరిగింది. మూలనున్న రాడ్డు తెచ్చి బిగించి మళ్లీ నెట్టాను. జరగలేదు. రాడ్డును అట్లాగే ఉంచేశాను.

మర్నాడు షావుకారు చేతికట్టుతో వచ్చాడు. వెనకే డ్రైవరు.

"తప్పు బండిదా, వీనిదా?"

"బండిలో ఏమీ లేదు సామీ" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాను నేను.

డ్రైవరు వంగి కారు కిందికి, మళ్లీ బిగించిన రాడ్డు కేసి చూశాడు. లేచి నావైపు చూశాడు. పోయి షావుకారు వెనక నిలబడ్డాడు. ఆ పొద్దే వాడి పని పోయింది. నేను ఇంటికి పోయి ఎప్పటిలాగే రెండు ముద్దల సంగటి తిన్నాను. సిగ్గేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు. ఏదీ అనిపించలేదు.

షావుకారు చెయ్యి విరగ్గొట్టిన డ్రైవరును ఇంకెవరూ పనికి పిలవలేదు. ఆ ఏడు వానల్లేవు, చెనక్కాయ పంట ఎండిపోయింది. వాడు కరువు పనిలో కంకర కొట్టడానికి పోయాడు. ఒక మధ్యాహ్నం నేను సైకిలు మీద ఆ దారినే పోతుంటే చూసి, "రా అన్నా, నీళ్లు తాగిపో" అని చెంబు అందించాడు. తాగి చెంబు తిరిగిచ్చాను.

"బెంగుళూరు నుంచి ఆ రబ్బరు వచ్చినాదా అన్నా?"

"వచ్చినాదప్పా. ఏసినా."

"అట్లయితే కొత్త డ్రైవరుకు భయం లేదులే" అని మళ్లీ సుత్తి అందుకున్నాడు.