తలుపక్క కాపలా

బస్‌స్టేషన్లో ఆడవాళ్ళ బాత్రూముల దగ్గర పనిచేసే ఆవిడకు తలుపక్క అని పేరు పడిపోయింది. పడక ఏం చేస్తుంది? అక్కడి గదుల్లో ఒక్కదానికీ గడియ సరిగా పడేది కాదు. సంచి తగిలించడానికి మేకు లేదు, చేతులు కడుక్కోవడానికి కుళాయి లేదు, వాడిన ప్యాడ్ వెయ్యడానికి బుట్ట లేదు. ఆడవాళ్ళకు నెలసరి వస్తుందన్న సంగతి కట్టించిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. వచ్చినవాళ్ళు సంచి తలుపక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఆవిడ తలుపుకు వీపు ఆనించి నిలబడి, కాగితమో చెంబుడు నీళ్ళో సందులోంచి అందించేది.

లోపలున్నవాళ్ళు ఊరికే ఉండేవాళ్ళు కాదు. అత్తగారి సాధింపులు, ఆఫీసు గొడవలు, పిల్లల చదువులు ఏకరువు పెట్టేవాళ్ళు. తలుపక్కకు మొగుడు పోయి చాలాకాలమైంది. చెల్లెలు ఫోన్ చేస్తే చేసినట్టు, లేకపోతే లేనట్టు. ఆ కబుర్లతోనే ఆవిడకు కడుపు నిండేది.

కొత్తవి కట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మ ఏమేం కావాలని అడిగితే తలుపక్క అన్నీ చెప్పింది. అన్నీ పెట్టారు కూడా. గదిగదికీ కుళాయి, మూత ఉన్న బుట్ట, కొక్కెం, గట్టి గడియ. ఆవిడ పొంగిపోయింది. ఆ తర్వాత తెలిసొచ్చింది. ఆడవాళ్ళు వస్తున్నారు, పని చూసుకుంటున్నారు, పోతున్నారు. ఆవిడ మొహం చూసే అవసరం ఎవరికీ లేదు. రోజంతా నోరు విప్పకుండా కూర్చుని, ఇంటికెళ్ళి నోరు విప్పకుండానే పడుకునేది.

అలాంటప్పుడు చివరి గది గడియ మరలు ఊడి వేలాడింది. వడ్రంగి పిలిస్తే పలికే దూరంలోనే ఉన్నాడు. ఆవిడ పిలవలేదు. తప్పని తెలిసే పిలవలేదు.

రద్దీ వేళ ఒక కాలేజీ పిల్ల వచ్చింది. ఆ గదొక్కటే ఖాళీ. పిల్ల గడియ చూసి, నెలసరి అని మెల్లిగా చెప్పి, తలుపు పట్టుకోమని బతిమాలింది. తలుపక్కకు ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళి వీపు ఆనించింది. పిల్ల లోపల్నుంచి పరీక్షల గురించి, హాస్టల్ గురించి చెప్పుకుపోతుంటే, ఎన్నాళ్ళకు విన్నానని కళ్ళు మూసుకుంది. ఊ కొట్టడం కూడా మరిచిపోయింది.

మాటలు ఠక్కున ఆగాయి.

"అక్కా, ఉన్నారా?" పిల్ల లోపల్నుంచి తలుపు తట్టింది. "వెళ్ళిపోకండక్కా. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. నాకు భయంగా ఉంది."

"ఉన్నానమ్మా. ఎక్కడికీ పోను," అంది తలుపక్క.

ఇన్నేళ్ళ కబుర్లూ ఆవిడకు అప్పుడు అర్థమయ్యాయి. అత్తగారి గురించి చెప్పినావిడా, ఆఫీసు గొడవ చెప్పినావిడా, అందరూ బయట మనిషి ఉందో లేదో చూసుకోవడానికే మాట్లాడారు. తను స్నేహమనుకుంది. ఏడుపు ముంచుకొచ్చింది. పిల్ల బయటికొచ్చి బస్సు కోసం పరిగెత్తేదాకా ఆపుకుంది.

తర్వాత వెళ్ళి వడ్రంగిని పిలుచుకొచ్చింది. అతను మరలు బిగించాక తను గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, బయటినుంచి గట్టిగా తొయ్యమంది. తోశాడు. తలుపు కదల్లేదు. సరిపోయిందని లోపల్నుంచే చెప్పి పంపేసింది. అతను వెళ్ళాక కూడా ఆవిడ చాలాసేపు బయటికి రాలేదు.