ప్రతి ఏడూ కొత్తగా కొలిచిన మనిషి

మధురానగర్‌లో మా ఇంటి కింద షాపు నడిపిన టైలర్ గారు పోయి ఈ రోజుకి ఎనిమిది రోజులు. ఫ్లూ వచ్చి, అది ఊపిరితిత్తుల్లోకి దిగి, పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి పోయారు. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది ఈ మాటను దిద్దబోయారు. వయసైంది కదా అన్నారొకరు. బీపీ ఉండేదిగా అన్నారింకొకరు. జలుబుకి మనిషి పోతాడా అని ఎదురింటాయన నన్నే అడిగారు. పోతాడు. నేను చూశాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, తప్పు జవాబు పక్కన టిక్కు పెట్టలేను.

ఆయనది చేనేత ఊరు. మగ్గం మానేసి కత్తెర పట్టుకుని ఈ నగరానికి వచ్చారు. ఇరవై రెండేళ్లు నా జాకెట్లన్నీ ఆయనే కుట్టారు. కొలతల పుస్తకం ఒకటి ఉండేది గాని పాత పేజీ ఎప్పుడూ తిప్పేవారు కాదు. వెళ్లిన ప్రతిసారీ టేపు తీసి మొదటినుంచీ కొలిచేవారు. పుస్తకంలో ఉంది కదా, చూసుకోవచ్చుగా అని ఒకసారి విసుక్కున్నాను.

"బట్ట మారదు టీచరమ్మా, మనిషి మారుతది. పోయినేడు కొలత పోయినేటికే" అన్నారు. ఆ వెంటనే, షాపులో ఉన్న హాస్టల్ పిల్లలందరికీ వినబడేలా, నా చెయ్యి అరంగుళం పెరిగిందనీ, కోడలు మంచిగానే పెడుతున్నట్టుందనీ చెప్పారు.

ఆ హాస్టల్ పిల్లలంటే ఆయనకి ప్రత్యేకం. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, ఇంటర్వ్యూ ముందు రోజు సాయంత్రం రెడీమేడ్ చొక్కా పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఆయన మా పని పక్కన పడేసి ఆ చొక్కా ముందు బిగించి ఇచ్చేవారు. ఒకసారి శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చిన ఒకావిడ దీనికి గట్టిగా తగువు పెట్టుకుంది. "మీ ఇంట్ల పెండ్లి పది దినాలకుంది. ఈ బిడ్డ ఇంటర్వ్యూ రేపు పొద్దుగాలనే ఉంది" అని, తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నారు.

మా ఇంట్లో ఒక నోటుబుక్కు ఉంది. ఎవరికి ఏ టీకా ఎప్పుడు వేయించామో, మళ్లీ ఎప్పుడు వేయించాలో అందులో ఉంటుంది. నిరుడు ఆయన పేరు, ఆయన భార్య పేరు కూడా అందులో చేర్చి, ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లి ఫ్లూ టీకా వేయించాను. ఈ ఏడు తొలి వానలు పడ్డాక, ఆషాఢంలో, నోటుబుక్కు పట్టుకుని మళ్లీ కిందికి దిగాను.

పోయినేడు వేసుకున్నాం కదా, మళ్లీ ఎందుకన్నారు. మీ కొలతల్లాగే ఇదీ అన్నాను. ఆ వైరస్ ఏడాదికేడాది రూపు మార్చుకుంటుంది, దాన్ని బట్టి టీకా కూడా మారుస్తారు, పోయినేడుది పోయినేటికే. మంచిగ దొరకబట్టిన్రు అని నవ్వారు. నవ్వాక అసలు మాట చెప్పారు.

"శ్రావణం నెత్తి మీదుంది. చెయ్యి నొస్తే కత్తెర ఎవరు పడతరు? వరలక్ష్మి వ్రతం కానియ్యిన్రి, నేనే వచ్చి మీ తలుపు కొడత."

నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో కూడా రాయాలి. శ్రావణానికి ఆయన కుట్టాల్సిన బట్టల గుట్టలో నా జాకెట్లు నాలుగున్నాయి. ఎడమ చేతికి వేయించుకోండి అని ఒక్కసారి అన్నాను. వేరే విషయమైతే మూడుసార్లు అనేదాన్ని, అప్పటికీ వినకపోతే ఆటో పిలిచేదాన్ని. నా మనవలకి చెయ్యి నొప్పి అనే సాకు ఏనాడూ ఒప్పుకోని నేను, ఆయన దగ్గర ఒప్పుకున్నాను.

వ్రతం ఇంకా రాకముందే జ్వరం వచ్చింది, అయినా మూడు రోజులు మూతికి రుమాలు కట్టుకుని కుట్టారు. మెడికల్ షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగారు. మూడో రోజు నా జాకెట్లు పైకి పంపించారు, హుక్కులతో సహా. నాలుగో రోజు షాపు మెట్టు ఎక్కలేకపోయారు.

టీకా వేసుకునుంటే బతికేవారా అని నిలదీసినవాళ్లున్నారు. తప్పకుండా బతికేవారని నేను చెప్పను. టీకా వేసుకున్నా ఫ్లూ రావచ్చు. ప్రాణం మీదికి వచ్చే అవకాశం తగ్గుతుంది, అంతే. ఆ తగ్గే వంతు ఎంతైనా కానీ, అది ఆయనకు అందవలసింది, అందలేదు. విధి అని దాని మీద గుడ్డ కప్పితే నేను ఒప్పుకోను.

ఆయన భార్యకి షుగర్ ఉంది, ఈ ఏడు టీకా ఆమెకీ పడలేదు. ఆసుపత్రిలో డాక్టరే చెప్పారు, సీజన్ ఇంకా పోలేదు, జ్వరం లేదు కాబట్టి ఆలస్యం చేయకుండా ఆమెకు వేయించండి అని. అయిదో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఊరి నుంచి వచ్చిన ఆడబిడ్డ గుమ్మంలోనే అడ్డం కూర్చుని ఉంది. పదకొండో దినం కాకుండా ఆమె బయటికి రాకూడదంది.

"మైలల గడప దాటుతరా ఎక్కడన్న? చదువుకున్నోళ్లు, మీకు తెల్వదా?"

"మైల మనకమ్మా, ఫ్లూకి లేదు" అన్నాను. పద్ధతులన్నీ పాటించే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మాట అనడం నాకూ తేలిక కాలేదు. ఆమె కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇంకో ఆరు రోజులు ఆగితే ఏమవుతుందని లోపలి నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు గోడ వారగా కూర్చున్న ఆయన భార్య లేచింది.

"వదినె, ఆయన ఆగిండు. నేను ఆగ" అంది.

ఆడబిడ్డ మోకాళ్లు పక్కకి జరుపుకుంది. వీధిలో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని వీధి మధ్యలోంచే నడిపించాను.

పంజాగుట్ట క్లినిక్‌లో నర్సు సూది తీసి చిన్న దూది ముక్క పెట్టి, కాసేపు నొక్కి పట్టుకోమంది. ఆటో ఎక్కాం. ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగాం. అమీర్‌పేట దాటి మా వీధి మలుపు తిరిగేదాకా ఆమె ఆ దూదిని వేలితో అదిమి పట్టుకునే కూర్చుంది. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది. తియ్యమని నేను చెప్పలేదు.