ఆది చొక్కా జేబులో మహజరు

ఆ రోజుల్లో పటమటలో వాలీబాల్ ఆడేవాళ్ళు ఆరుగురు, వాలీబాల్ తెలిసినవాళ్ళు మాత్రం వీధికి అరవై మంది. ఆ తెలిసినవాళ్ళలో నాది మొదటి వరస. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, మోకాలి దగ్గర బిగుతుగా ఉండి పాదాల దగ్గర గొడుగుల్లా విచ్చుకునే బెల్‌బాటం ప్యాంట్లు రెండు, ఎదుటివాడి ఆటలో తప్పులు పట్టే కళ్ళు, ఇవీ నా ఆస్తులు. నేనెప్పుడైనా బంతి ముట్టుకున్నానా అంటే, ముట్టుకున్నాను. కాలేజీలో ఒకసారి సర్వీసు చెయ్యమంటే చేశాను. అది వెళ్ళి చెట్టు కింద నిలబడ్డ లెక్చరరు గారి టీ గ్లాసుకి తగిలింది. (గ్లాసు పగల్లేదు. నా క్రీడాజీవితం మాత్రం అక్కడితో ఆఖరు.) ఆడలేనివాడికి ఆడేవాడి మీద అంత కోపం ఎందుకుంటుందో అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు కొంచెం తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మైదానం పక్కన ఎవరో ఎందుకో తెచ్చి వదిలేసిన పెద్ద సిమెంటు తూములు నాలుగు ఉండేవి. సాయంత్రం ఆఫీసు కాగానే మేము పది పన్నెండు మందిమి వాటి మీద చేరేవాళ్ళం. మాలో పెద్దవాడు సోడా కొట్టు బాబాయి. కొట్టు గాలికి వదిలేసి వచ్చి మరీ ఆట చూసేవాడు. ప్రాక్టీసు జరుగుతున్నంతసేపూ తూముల మీద నుంచి సలహాలు, తిట్లు వర్షంలా కురిసేవి. ఆ వర్షంలో అందరికంటే ఎక్కువ తడిసినవాడు మా లిఫ్టరు. ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. అవతలివాళ్ళు పంపిన బంతిని వెనకవాడు అందుకుంటాడు, లిఫ్టరు దాన్ని నెట్ పక్కన గాల్లోకి లేపుతాడు, షూటరు ఎగిరి కొడతాడు. కొట్టింది పడితే చప్పట్లు షూటరుకి. పడకపోతే తిట్లు లిఫ్టరుకి. ఈ పంపకం ఎవరు చేశారో గానీ, మేము మాత్రం తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళం.

ఆ లిఫ్టరు వృత్తికి టైలరు. ఊరంతా టైలరనే పిలిచేది. చర్చికి వెళ్ళే సందు మొదట్లో చిన్న కొట్టు, లోపల ఒకటే మిషను, గడప దగ్గర కూర్చుని కాజాలు కుట్టే వాళ్ళమ్మ. మనిషి సన్నగా, పొట్టిగా, మెడలో టేపుతో, ఎవరేమన్నా "అలాగేనండి" అనే రకం. అంతకు ముందు ఏడాది క్రిస్మస్ సెలవుల్లో హనుమాన్ జంక్షన్‌లో జరిగిన పోటీల ఫైనల్లో, ఆఖరి పాయింటు దగ్గర అతని మోచెయ్యి నెట్‌కి తగిలింది. అంతే, కప్పు గుడివాడ వాళ్ళు పట్టుకుపోయారు. ఆ మోచెయ్యిని మేము ఏడాది పొడుగునా క్షమించలేదు. "ఏం టైలరూ, నెట్‌కి కొలతలు తీసుకున్నావా", "బంతికి కాజాలు కుడుతున్నావా" అని రోజూ పాట. నేనైతే అతని కొట్టులోనే, అతను వంగి నా ప్యాంటు పొడుగు కొలుస్తున్నప్పుడే, లిఫ్టింగ్ ఎలా చెయ్యాలో చెప్పేవాణ్ణి. నోట్లో పిన్నులు ఉండటంతో అతను తల మాత్రం ఊపేవాడు. వాళ్ళమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "బాబూ, మావాణ్ణి తిట్టడానికొచ్చారా, ప్యాంటు కోసమొచ్చారా? రెండూ ఒకేసారంటే కుట్టు వంకరపోద్ది" అనేది.

ఆ ఏడు డిసెంబరు వచ్చింది. పేటలోని క్రైస్తవ కుటుంబాలన్నీ కొత్తబట్టలకి ఆ కొట్టు మీదే పడ్డాయి. టైలరు పది రోజులు ప్రాక్టీసుకి రాలేదు. మాకు అదో గొప్ప అవకాశం దొరికినట్టయింది. టీము నడిపే డ్రిల్లు మాస్టారికి ఒక మహజరు పెట్టి లిఫ్టరుని మార్పించాలని తూముల మీద తీర్మానం జరిగింది. రాసే పని నాది. రెండు రాత్రులు కూర్చుని రాశాను. "మహారాజశ్రీ మాస్టారు గారి దివ్యసముఖమునకు, పటమట వాస్తవ్యులగు క్రీడాభిమానులు వ్రాసుకొన్న విన్నపము. మన టీమునందలి లిఫ్టరు బంతిని లేపుటలోగాని, తాను లేచుటలోగాని బొత్తిగా శ్రద్ధ లేనివాడై" అంటూ మొదలెట్టి, ఒక పేజీ నిండా ఆ అమాయకుడి మోచేతిని ఉతికి ఆరేశాను. సంతకాలు ముప్పై ఒకటి వచ్చాయి. సోడా బాబాయి "దేనికిరా ఇది" అని అడిగాడు. "ఊరి మంచికి" అన్నాను. "అయితే రెండు పెడతానుండు" అని రెండు పెట్టాడు. మా బృందంలోని క్షవరం షాపాయన కొట్లో కూర్చున్న పక్కూరు పోరంకి ఆసామి చేత కూడా పెట్టించాను. నేను మాత్రం పెట్టలేదు. రాసినవాడు సంతకం చెయ్యకూడదని అప్పటికప్పుడు ఒక రూలు కల్పించాను. (దాన్ని పిరికితనం అంటారని నాకు తెలుసు. తెలిసే కల్పించాను.)

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మాస్టారింటికి వెళితే, ఆయన తెనాలి వెళ్ళారని చెప్పారు. మర్నాడు మా అక్కయ్య కొత్త సంవత్సరానికి నాకు చొక్కా గుడ్డ తీసింది. మా వైపు కొత్త చొక్కా కుట్టించాలంటే, ఒంటికి సరిగ్గా కుదిరిన పాత చొక్కా ఒకటి టైలరుకి ఇచ్చి వస్తాం. దాని ప్రకారం కత్తిరిస్తాడు. దాన్ని ఆది చొక్కా అంటాం. నాకు బాగా కుదిరిన చొక్కా ఒక్కటే ఉంది. దాన్ని గుడ్డతో పాటు మడిచి తీసుకెళ్ళి టైలరు చేతిలో పెట్టి, పనిలో పనిగా "ఈసారన్నా మోచేతులు దగ్గర పెట్టుకో" అని చెప్పి వచ్చాను. రెండు రోజుల తరవాత మాస్టారు తిరిగొచ్చారని తెలిసి కాగితం కోసం వెతికితే ఇల్లంతా ఎక్కడా లేదు. "నీ జేబులు తడమడమే నాకు పనా" అని అక్కయ్య కసిరింది. మళ్ళీ రాసి సంతకాలు చేయించే వ్యవధి లేదు. హనుమాన్ జంక్షన్ పోటీలు వచ్చిపడ్డాయి. టైలరు టీములోనే ఉండిపోయాడు.

ఫైనలు రోజు మా ఆఫీసు లారీ ఒకటి ఖాళీగా ఉంటే మాట్లాడాను. టీము, తూముల బృందం అంతా అందులోనే ఎక్కాం. గన్నవరం దాటాక టైలరు లారీలో తూలుతూ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"గుమాస్తా గారూ, మీ ఆది చొక్కా జేబులో కాగితం ఉండిపోయిందండి. నలిగిపోద్దని మా బైబిల్లో పెట్టి ఉంచాను."

ఏమీ ఎరగనట్టు మొహం పెట్టాను. "ఏం కాగితం?"

"పెద్ద కాగితమేనండి. చాలా సంతకాలున్నయ్."

చదివావా అని అడిగేలోపు పొడుగాటి షూటరు వచ్చి అతన్ని లాక్కుపోయాడు. వాళ్ళు ముందువైపు చేరి క్రిస్మస్ పాటలు ఎత్తుకున్నారు. టైలరు కూడా పాడుతున్నాడు. చదివినవాడు అంత హాయిగా పాడగలడా? చదవకపోతే సంతకాలున్నయ్యని ఎలా తెలుసు? హనుమాన్ జంక్షన్ చేరేదాకా ఇదే లెక్క. అది తేలకముందే ఇంకో భయం పట్టుకుంది. ఇవాళ అతని ఆట చెడిపోతే, అది చదివినందువల్లే చెడిపోయినట్టు. కప్పు పోయిన పాపం ఈసారి ఏ మోచేతి మీదా వెయ్యడానికి వీల్లేదు. నేరుగా నా మెడకే చుట్టుకుంటుంది. ఆ రోజు ఆ మైదానంలో టైలరు బాగా ఆడాలని అందరికంటే గట్టిగా దేవుణ్ణి వేడుకున్నవాణ్ణి నేనే. వాళ్ళ దేవుణ్ణీ, మా దేవుణ్ణీ ఇద్దర్నీ వేడుకున్నాను.

అవతల మళ్ళీ గుడివాడ వాళ్ళే. మొదటి సెట్టు తొమ్మిది పాయింట్లకే పోయింది. మావాళ్ళు అలవాటు ప్రకారం మొదలెట్టారు. "టైలరూ, సూది పారేసుకున్నావా, కిందికి చూస్తున్నావ్" అన్నాడు బాబాయి.

"ఊరుకో బాబాయ్, ఆడనియ్" అన్నాను.

బాబాయి నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు. "జొరమేం లేదే. ఏమైందిరా నీకు?"

రెండో సెట్టులో ఏదో మారింది. టైలరు మా వైపు చూడటం మానేశాడు. బంతి అతని వేళ్ళ మీదకి వచ్చి, ఒక్క క్షణం కూర్చున్నట్టు కూర్చుని లేస్తోంది. పొడుగాయన కోసమని అవతలివాళ్ళు ముగ్గురు నెట్ దగ్గర ఎగిరితే, ఇతను చూడకుండానే తల మీదుగా వెనక్కి లేపుతున్నాడు. అక్కడ మా రెండో షూటరు ఖాళీ నెట్ ముందు తీరిగ్గా కొట్టుకుంటున్నాడు. మా బృందంలో కేకలు తగ్గాయి. తరవాత గొణుగుడు మొదలైంది. "గాలి మనవైపుంది" అన్నాడొకడు. "అవతలోళ్ళు అలిసిపోయారు" అన్నాడింకొకడు. పదకొండు దగ్గర వాళ్ళని ఆపి సెట్టు గెలిచేసరికి బాబాయి లేచి నిలబడ్డాడు. మూడో సెట్టు పద్నాలుగు పదమూడు. సర్వీసు మాది. బంతి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. అయిదోసారి టైలరు చేతికొచ్చింది. అతను ఎగిరాడు. పొడుగాయనా ఎగిరాడు. అవతల అందరూ పొడుగాయన కోసం ఎగిరారు. టైలరు బంతిని ఎవరికీ లేపలేదు. ఎడమచేత్తో, గుండీ సర్దినంత మెల్లిగా, నెట్ మీదుగా అవతలకి జార్చాడు. అది ఎవరూ లేనిచోట మట్టిలో పడి, రెండుసార్లు ఎగిరి ఆగింది. మోచెయ్యి నెట్‌కి జానెడు దూరంలో ఉంది. నేను దాన్నే చూస్తున్నాను గనక నాకు తెలుసు.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. "పోయినేడే అన్నాను కుర్రాడిలో సరుకుందని" అని క్షవరం షాపాయన అందరికీ చెబుతున్నాడు. "పోయినేడు మాత్రం టచ్చా అది, గాలికి నెట్టు ఊగింది" అని ఇంకొకాయన. ఏడాదిగా తిట్టిన నోళ్ళన్నీ టైలరుని భుజాల మీద ఎక్కించుకుని జంక్షన్ చుట్టూ తిప్పాయి. బస్సులు ఆగిపోయాయి. డ్రైవర్లు తిట్టడం మొదలెట్టి, కప్పు చూసి వాళ్ళూ దిగి చప్పట్లు కొట్టారు. తిరుగు ప్రయాణంలో మాత్రం లారీ చీకట్లో ఒక్కొక్కరే నా పక్కకి జరిగారు. ముందుగా బాబాయి.

"ఒరేయ్, ఆ కాగితం మాస్టారికి ఇచ్చేశావా?"

"లేదు."

"బతికించావ్. నావి రెండూ కొట్టెయ్."

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. టైలరు మిషను ఆపి, బైబిలు తీసి, కాగితం నా చేతిలో పెట్టాడు.

"చదివావా?"

"రెండుసార్లండి. బాగా రాశారు. 'తాను లేచుటలోగాని' అన్నచోట నాకే నవ్వొచ్చింది."

"నేనే రాశానని ఎలా..."

"మీ సంతకం లేదు గానీ, చొక్కా మీదే కదండీ."

కాగితం విప్పాను. అడుగున ముప్పై రెండో సంతకం ఉంది. అతనిదే.

"నేనూ పటమటోణ్ణే కదండీ" అన్నాడు. "ఇంతమందికి ఇష్టం లేని ఆట ఎందుకనిపించింది. ఈ ఒక్కసారి ఆడి మానేద్దామని ప్రార్థన చేసుకుని లారీ ఎక్కాను. ఎప్పుడూ బంతి వచ్చేలోపు నా చెవి మీవైపు ఉండేదండి. ఇదే ఆఖరనుకునేసరికి నిన్న ఆ బెంగ లేదు. చేతులు తేలికైపోయినయ్."

అతని ఆటని ఏడాదిగా పాడుచేసింది మోచెయ్యి కాదు, మేము. "ఇంకేం మరి, ఆడు" అన్నాను ఎలాగో.

"లేదండి. సాయంత్రం మాస్టారికి చెప్పేస్తాను."

వాళ్ళమ్మ కాజా మీద నుంచి తలెత్తలేదు. "వద్దని రాయడానికి ముప్పై మంది. ఆడమని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళన్నా రాశారా బాబూ?"

కత్తిరింపులకి వాడే ఖాకీ కాగితం ముక్క అక్కడే ఉంటే లాక్కున్నాను. ఈసారి దివ్యసముఖాలు రాలేదు. "టైలరు ఆడాలి. వద్దని రాసింది నేను. తప్పు నాది" అని రాసి, ముందు నా సంతకం పెట్టాను. దాన్ని పట్టుకుని తూముల దగ్గరికీ, క్షవరం షాపుకీ, సోడా కొట్టుకీ తిరిగాను. కాగితం చాలక వెనకవైపు కూడా పెట్టారు. బాబాయి నాలుగు పెట్టాడు. ("రెండు కొత్తవి, రెండు పాతవాటికి మారు.") సాయంత్రం మైదానంలో మాస్టారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు. "రెండోదాంట్లో నీ తెలుగు బాగా తగ్గిందిరా" అన్నారు, "మంచిదే" అన్నారు. టైలరు ఖాకీ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఒక్కొక్క పేరూ చదువుకున్నాడు. తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, నెట్ వైపు నడుస్తూ, "కాలరు పొడుగ్గా పెట్టమంటారా, మామూలుగానా?" అని నన్ను అడిగాడు.

అతను ఇంకా ఆరేళ్ళు ఆడాడు. నేను పూర్తిగా మారిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. ఆ జనవరిలోనే ఒక సాయంత్రం ప్రాక్టీసులో అతను బంతి కాస్త కిందికి లేపాడు. "చేతులకి ఇస్త్రీ చేయించుకో టైలరూ" అని ఎవరో గట్టిగా అరిచారు. ఎవడ్రా అని కోపంగా తిరిగి చూశాను. ఆ పూట తూముల మీద నేనొక్కణ్ణే ఉన్నాను. టైలరు బంతి చంకలో పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. మనవడి ఆట చూడటానికి వెళ్ళినప్పుడు బుగ్గన ఒక వక్కపలుకు పెట్టుకుని కూర్చుంటాను, నోరు ఖాళీగా ఉండకూడదని. అది అరిగేలోపు ఆట అయిపోతే బాగుండునని మాత్రం ప్రతిసారీ అనుకుంటాను.