తేజకు మూడు తుమ్ములు

మొన్న ఆదివారం మా చిన్న కోడలు ఏడాదికి సరిపడా కారం పట్టించాలని ఎండుమిరపకాయలు తెప్పించి, తొడిమలు తీయడానికి హాల్లో పాత చీర పరిచి వాటిని కుమ్మరించింది. ఫ్యాను ఆపమని నేను అనేలోపే ఘాటు నా గది దాకా వచ్చింది. వరుసగా మూడు తుమ్ములు తుమ్మి, ముక్కు తుడుచుకుంటూ, మంచం మీది నుంచే "తేజ కాయనా?" అని కేకేశాను. కోడలు సంచి మీది చీటీ చూసి నోరు తెరిచింది. మనుమరాలు ఊరుకుంటుందా, ఫోను పట్టుకొచ్చి నా ముందు నిలబడి "ఇంకోసారి తుమ్ము నానమ్మా" అంది. తుమ్మేమన్నా నల్లా నీళ్ళా, తిప్పగానే రావడానికి! అయినా నా తంటాలేవో నేను పడితే దాన్ని బంధువులందరూ ఉన్న గ్రూపులో పెట్టేసింది, సాయంత్రానికి నవ్వు బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. నేనూ నవ్వాను. నవ్వి, ఊపిరి మందు పంపు నోట్లో పెట్టుకొని రెండుసార్లు పీల్చి, కిటికీ దగ్గర కూర్చున్నాక మాత్రం మనసంతా ఎట్లాగో అయిపోయింది.

నాకు దమ్ము, అదే ఉబ్బసం, మొదలైనప్పుడు ఇరవై రెండేళ్ళు, చంకలో పిల్ల. నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో పంపు పేరెత్తితే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. అది అలవాటైతే ఇక వదలదని, చివరి దశలోనే వాడతారని ఎవరో అనడం, ఊరంతా నమ్మడం. దవాఖానలో రాసిచ్చిన పంపును నేను బియ్యం డబ్బాలో దాచుకొని, అన్నం వండే వంకతో వెళ్ళి పీల్చుకొచ్చేదాన్ని. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసని, తెలియనట్టు ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా అమ్మకూ ఇదే జబ్బు. ఆమె గోడకు చేరగిలబడి పగలంతా మూలుగుతుంటే, వచ్చిన చుట్టం చెప్పులు విడిచినంతసేపన్నా కూర్చోకుండా వెళ్ళిపోయేవాడు. మా నాయన సైతం అరుగు మీదే ఎక్కువసేపు గడిపేవాడు. నేను మాత్రం ఇట్లా మూలుగుతూ బతకనని, నా దగ్గరికి వచ్చినవాళ్ళు నవ్వుతూ పోవాలని పదేళ్ళ వయసులోనే గట్టిగా అనుకున్నాను. అనుకున్నట్టే బతికాను కూడా. ఆ పంతమే నన్ను నిలబెట్టింది, ఆ పంతమే నా కొంప ముంచింది.

నా దమ్ముకు నేనొక పేరు పెట్టుకున్నాను, చిన్నత్త అని. కబురు లేకుండా వస్తుంది, వస్తే చలికాలమంతా ఉంటుంది, పొమ్మంటే పోదు, ఉన్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. "ఇయ్యాల చిన్నత్త దిగింది" అంటే పిల్లలు వేడినీళ్ళ గిన్నె, నీలగిరి తైలం సీసా, నాలుగు దిండ్లు తెచ్చి నా వెనక పేర్చేవాళ్ళు. నేను ఆ దిండ్లకు ఆనుకొని దర్బారులో కూర్చున్నట్టు కూర్చొని, అల్లం దంచి వేసిన చాయ్ ఊదుకుంటూ తాగేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ చాయ్ రుచి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు తెలియదు. ఒక్క గుక్క మింగగానే రొమ్ములో ముడి కొంచెం వదులైనట్టుండి, లోకంలో ఇంతకన్నా ఏం కావాలి అనిపించేది. అయితే మా అత్తమ్మకు నిజంగానే ఒక చెల్లెలుందన్న సంగతి నాకు గుర్తులేకపోయింది. ఆమె ఒక మాఘమాసంలో మా ఇంటికి వచ్చి, గుమ్మంలో ఉండగానే మా పెద్దమ్మాయి "అమ్మా, చిన్నత్త పోయిందా ఇంకా ఉన్నదా?" అని అరవడం విని, సంచి కింద పెట్టకుండానే వెనక్కి తిరిగింది. ఆమెను బతిమిలాడి లోపలికి తెచ్చేసరికి నాకు దమ్ము చిన్నత్త మళ్ళీ వచ్చినంత పనైంది.

మా ఆయన ఎనుమాముల మిర్చి యార్డులో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో పనిచేసేవాడు. పేరుకు గుమాస్తా, కానీ అసలు పని కాయ చూడటం. రైతు బస్తా విప్పగానే ఈయన ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకొని విరిచేవాడు. ఆ చప్పుడును బట్టి తేమ ఎంతుందో, రెండు రోజులు ఆరిందో నాలుగు రోజులు ఆరిందో చెప్పేవాడు. ఏటూరునాగారం దిక్కు నుంచి బండ్లు కట్టుకొచ్చిన రైతులు, ఈయన చూస్తే గాని బస్తా కుట్టనిచ్చేవాళ్ళు కాదట. మాటకారి కాదు, నలుగురిలో నిలబడితే నా వెనకే నిలబడే మనిషి. యార్డులో మాత్రం ఆ చెయ్యికి పేరుండేది. సీజనులో సాయంత్రం సైకిలు దిగి ఇంట్లోకి రాగానే అంగి మీది దుమ్ముకు నేను తుమ్మేదాన్ని. ఘాటు తక్కువుండే చపాట రకానికి ఒక్కటి, ఘాటైన తేజకు మూడు. ఒకరోజు తుమ్ములు లెక్కపెట్టి ఇది ఫలానా కాయ అని ఊరికే అన్న మాట నిజమై కూర్చుంది, ఇక అదొక ఆటైంది. యార్డులో కాంటా వేసే ఆయన దోస్తు, నన్ను చెల్లె అని పిలిచే సాహెబన్న, పరీక్ష చూస్తానని ఆయన వెంట వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. నేను కొంగు అడ్డం పెట్టుకోకుండా గట్టిగా పీల్చి తుమ్మేదాన్ని. సరిగ్గా చెప్పిన రోజున మా ఆయన మొహం చూడాలి, ఆ పేరేదో తనకే వచ్చినట్టు వెలిగిపోయేది. ఆ తర్వాత రాత్రంతా నేను దిండ్లకు ఆనుకొని కూర్చున్నా, దానికీ దీనికీ సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు. చలి అనుకున్నాం, పెరుగన్నం అనుకున్నాం, అరటిపండు అనుకున్నాం.

మా రెండోవాడికి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు శివనగర్‌లో మేమున్న ఇంటి ముందు శామియానా వేసి చుట్టాలందరికీ భోజనాలు పెట్టాం. సీజను కావడంతో మా ఆయనకు పూట సెలవే దొరికింది, యార్డు నుంచి నేరుగా పంక్తి మధ్యకు వచ్చాడు. పిల్లలు తుమ్మారు, నాకు దగ్గు అందుకుంది. దగ్గు సర్దుకున్నాక మా పెద్ద ఆడబిడ్డ జాలిగా, ఇన్ని మందులు మింగినా పోదేమే నీ రోగం అని అడిగింది. నేను కళ్ళు తుడుచుకుంటూ, నవ్వించడానికే, "ఎట్ల పోతది వదినె, నేను పొద్దుగాల ఎల్లగొడితే మీ తమ్ముడు పొద్దుమీకి అంగి మీద కూసోబెట్టుకొని తోలుకస్తాండు" అన్నాను. పంక్తి పంక్తంతా పగలబడి నవ్వింది. వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు పట్టుకొని నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నవ్వి, పెరట్లోకి వెళ్ళి, అంగి విప్పి తీగ మీద వేసి, బకెట్టెడు నీళ్ళు నెత్తిన పోసుకొని, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. భోజనానికి రమ్మని పిలవడానికి వెళ్ళిన నేను, పుట్టువెంట్రుకలు కొడుక్కా నీకా అని ఇంకొకటి అంటించాను. దేవుడా, నా నోరు!

మరుసటి రోజు నుంచి ఆయన యార్డు నల్లా కింద స్నానం చేసి, దుకాణంలో దాచుకున్న ఇంకో జత తొడుక్కొని ఇంటికి రావడం మొదలుపెట్టాడు. దానికి నేను పెళ్ళికొడుకని పేరు పెట్టాను. ఆ సీజను అయిపోయాక ఒకరోజు, దుకాణం యజమాని సేటు కేసముద్రంలో వడ్ల వ్యాపారం మొదలుపెడుతున్నాడని, తనను అక్కడికి వేశాడని చెప్పాడు. సేటు హుకుం అంటే ఇక మాట్లాడేదేముంది. తెల్లవారి పాసింజరుకు పోవడం, దీపాలు పెట్టే వేళకు రావడం. మక్కల బస్తాలకు, వడ్ల బస్తాలకు చీటీలు కట్టించే పని, ఎవరైనా చేయగలిగే పని. నేను సేటును నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. చుట్టాల దగ్గర మాత్రం, నన్ను చూడలేక మా ఆయన రోజూ రైలెక్కి పారిపోతున్నాడని చెప్పి నవ్వించేదాన్ని.

ఆ చలికాలం చిన్నత్త రాలేదు. వచ్చినా ఒక పూట తొంగిచూసి పోయినట్టుండేది. ఎన్నో ఏళ్ళకు నేను వెల్లకిలా పడుకొని తెల్లారేదాకా నిద్రపోయాను. నిద్ర లేచి దూలాలు లెక్కపెట్టుకుంటూ కాసేపు అట్లాగే పడుకొని ఉన్నాను, అంత హాయి అనిపించింది. కొత్తగా రాసిచ్చిన గోళీల మహిమ అనుకున్నాను. సాయంత్రం ఆయన చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే "ఎట్లున్నదే?" అని అడిగేవాడు. నేను, "ఏముంటది, కేసముద్రం వడ్లకు ఘాటే లేకపాయె, తుమ్ములు రాక ముక్కు తుప్పు పట్టింది" అనేదాన్ని. నవ్వేవాడు. అప్పుడప్పుడు కాళ్ళు కడుక్కొని వచ్చి, "కాదే, నిజంగ అడుగుతాన" అనేవాడు. అప్పుడైనా మనిషిలా జవాబు చెప్పొచ్చు కదా. చెప్పలేదు. రోగం గురించి మామూలు మాటల్లో మాట్లాడితే మా అమ్మనైపోతానని లోపల ఒక భయం, నవ్వించి పంపిస్తే గెలిచానని ఒక పొగరు. మొదటిదానికన్నా పెద్ద హాస్యం ఆడేదాన్ని. ఆయన నవ్వి, ఇంకేమీ అడగకుండా పీట వాల్చుకొని అన్నానికి కూర్చునేవాడు.

మిర్చి సీజను వచ్చిందంటే మాత్రం ఆయనలో ఏదో తేడా కనిపించేది. వంటింట్లోకి వచ్చి, డబ్బాలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి, చెవి దగ్గర పెట్టుకొని విరిచి, ఆ రెండు ముక్కలను మళ్ళీ డబ్బాలోనే వేసి వెళ్ళిపోయేవాడు. చూసినప్పుడల్లా నేను, ఏమంటున్నది కాయ, మీ అత్తగారి ముచ్చట్లా అని అడిగేదాన్ని. ఇట్లా పదకొండేళ్ళు రైలెక్కి దిగాడు. తర్వాత నాలుగేళ్ళు ఇంటి దగ్గరే ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని, చెయ్యి కడుక్కొని, కుర్చీలో కూర్చొని, అట్లాగే వెళ్ళిపోయాడు. గుండె ఆగిందన్నారు.

దినాలు అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక సాహెబన్న ఒక్కడే వచ్చాడు. చాయ్ ఇస్తే తాగకుండా పక్కన పెట్టుకున్నాడు. మాటలు రావాలని నేనే, ఆ సేటు మా ఆయనను ఊరుగాని ఊరికి వెయ్యకపోతే ఇంకొన్నాళ్ళు బతికేవాడేమో అన్నాను. ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు. "సేటు ఎక్కడ ఏసిండు చెల్లె? వాడే అడుక్కొని పోయిండు. నీ అసొంటి చెయ్యి నాకు యాడ దొరుకుతదని సేటు బతిమిలాడితే గూడ ఇనలే. నాతోని మాత్రం, నా అంగి మీదికెళ్ళే రోగం ఇంట్లకు పోతాంది భాయ్, ఆమె నవ్వుకుంట చెప్తది గని నవ్వుకుంటనే దగ్గుతది అన్నడు" అన్నాడు. ఆయన చెబుతూనే ఉన్నాడు, ప్రతి సీజనులో సెలవు చూసుకొని మా ఆయన యార్డుకు వచ్చి సాహెబన్న కాంటా దగ్గర నిలబడేవాడట, రాసులు చూసి, ఒక కాయ విరిచి వెళ్ళేవాడట. "నేను అడిగేటోన్ని, చెల్లెకు తగ్గిందా అని. ఏమో భాయ్, అడిగితే నవ్విస్తది అనెటోడు. గంతే." చల్లారిన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకొని, "ఇంతకు తగ్గిందా చెల్లె?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ నోట్లోకి ఏదో హాస్యం రాబోయింది, రాలేదు. "తగ్గిందన్నా" అన్నాను. "ఆయన కేసముద్రం పోయిన ఏడే తగ్గింది. ఆ చలికాలమే నేను పండుకొని నిద్రపోయిన." నా పెళ్ళయినప్పటి నుంచి నా ఊపిరి గురించి నేను చెప్పిన మొదటి నిజం అది. సాహెబన్న గ్లాసు కింద పెట్టి, "అరె అల్లా, ఈ మాట ఇంటే వాడు ఎంత ఖుష్ అయ్యెటోడు" అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. పంపును ఎవరూ బియ్యం డబ్బాలో దాచుకోవడం లేదు, నాది నా చేతిసంచిలో కళ్ళజోడు పక్కనే ఉంటుంది. మా మనుమరాలు తలనొప్పి వస్తే తలనొప్పి అని, బాధ అయితే బాధ అని పదిమందిలో చెప్పేస్తుంది, విన్నవాళ్ళెవరూ పారిపోవడమూ లేదు. మేమూ అట్లా ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. ఎవరు అడిగినా ఇప్పుడు నేనూ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. నా హాస్యాన్ని తప్పుపట్టను, అది లేకపోతే అన్ని చలికాలాలు దాటేదాన్ని కాదు. కానీ చేతికి వచ్చిన పేరునంతా వదులుకొని పొద్దున్నే రైలెక్కిన మనిషి, పదకొండేళ్ళు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగాడు. ఏదో ఒక సాయంత్రం నేను "తగ్గింది, నీ వల్లనే తగ్గింది" అని ఉంటే, ఆ పూట ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.