సుబ్బరత్నం అక్కయ్య విత్తనాల తొట్టి

మా తోడికోడలు సుబ్బరత్నం చెయ్యి పడితే నారు బాగా వస్తుందని గన్నవరం చుట్టుపక్కల అందరూ అంటారు. చదివింది రెండో తరగతే. కాపురానికొచ్చాక మామగారి దగ్గర విత్తనాలు ఏరడం నేర్చుకుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారు పోసే రోజులొచ్చాయంటే ఊరంతా ఆవిడకే కబురు పెడతారు. తొట్టిలో నీళ్ళు పోసి, కోడిగుడ్డు పైకి తేలేదాకా ఉప్పు కలుపుతుంది. గుడ్డు తీసేసి వడ్లు పోస్తుంది. తాలూ అరగింజలూ తేలతాయి, నిండు గింజలు మునుగుతాయి. మునిగినవే నారుమడికి.

ఆవిడకు పిల్లల్లేరు. నాకున్నది ఒక్క కీర్తన. 2009 ఎండల్లో మా ఆయన ఆటోనగర్ షెడ్డులో గుండె ఆగి పోయాక అది నాతో మాట్లాడడం మానేసింది. పెడితే తింటుంది, అంతే. వాళ్ళ నాన్నకు రోజూ పేపరు చదివి వినిపించిన పిల్ల, ఆ డిసెంబరులో పెద్దమ్మకు చదివి వినిపిస్తుంటే మా రెండిళ్ళ మధ్య గోడ ఇవతలినుంచి విన్నాను.

"పెద్దమ్మా, ఇంకో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని కనిపెట్టారంట. భూమికన్నా పెద్దదే గానీ సైజుకి తగ్గ బరువు లేదంట. అందుకని చాలావరకు నీళ్ళే ఉండొచ్చంట. ఎవరూ వెళ్ళకుండా ఎట్టా తెలిసింది?"

"నేను మాత్రం గింజ ఒలిచి చూస్తన్నానా? తేలిందా మునిగిందా, అదేగా చూసేది. వాళ్ళూ అట్టాంటిదే ఏదో చేసుంటార్లే."

"మన శనిగ్రహమైతే నీళ్ళమీద తేలుద్దంట."

"అంత తేలికైనోడు మన నెత్తినెక్కితే అంత బరువేంటే మరి?"

నాకు ఒళ్ళు మండింది. నా మొగుడు వినాల్సిన మాటలు. ఆయన లేకపోతే నేను వినాల్సినవి.

మర్నాడు నేనూ బకెట్లో నీళ్ళు పోసి కీర్తనను పిలిచాను. "శని ఎట్టా తేలతాడో నేను చూపిస్తా రా."

బుట్ట అడుగున మిగిలిన గుడ్డు తెచ్చి వేశాను. పిడికెడు ఉప్పుకే తేలింది. అక్కయ్య అంతంత ఉప్పు ఎందుకు తగలేస్తుందో అనుకున్నాను. వడ్లు పోస్తే తాలు తప్ప అన్నీ మునిగాయి. కీర్తన అడుగునుంచి ఒక గింజ తీసి గోటితో ఒలిచింది. సగం డొల్ల. గుడ్డు తీసి చెవి దగ్గర ఊపింది.

"ఎన్నాళ్ళదమ్మా ఇది? పాత గుడ్డు కాస్త ఉప్పుకే తేలుద్ది. ఉప్పు చాలకే డొల్ల గింజలూ మునిగినాయి."

నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక నా ఎదుట నవ్వడం అదే మొదటిసారి. నేనూ నవ్వబోయేంతలో, "పెద్దమ్మకి చూపించాలి" అంటూ గుడ్డు పట్టుకుని పరిగెత్తింది.

గోడ అవతల ఇద్దరూ ఒకటే నవ్వు.

"నువ్వూ రావే ఇటు," అని అక్కయ్య కేకేసింది.

"పనుందక్కయ్యా," అన్నాను.