దసరా రంగుల కింద కంప్రెసర్

1998 నాటి మాట. రాజమండ్రిలో నాకు ఎయిర్ కంప్రెసర్లు బాగుచేసే చిన్న షెడ్డు ఉండేది. పంక్చర్ షాపుల వాళ్లు, బళ్లకు పెయింటు కొట్టే వాళ్లు, లారీ మెకానిక్కులు వచ్చేవారు. ఎవరొచ్చినా ఒకటే మాట: "గాలి రావట్లేదండి." డాక్టరు దగ్గర కూర్చుని "ఒంట్లో బాగోలేదండి" అన్నట్టు ఉంటుంది. మిగతాది మనమే వెతుక్కోవాలి. ఆ ఏడు కార్తీకంలో ధవళేశ్వరం రోడ్డులో పంక్చర్ షాపు నడిపే సూర్యారావు గారు కూడా ఆ మాటే పట్టుకొచ్చారు.

"లారీ టైరు నిండేలోపు డ్రైవరు టీ తాగొచ్చి, మళ్లీ ఇంకో టీకి వెళ్తున్నాడండి. పైగా కంప్రెసర్ తల మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం, కాలిపోతోంది."

"కొత్తది కొనేయకపోయారా?" అన్నాను. పాత సామాను పేరెత్తితే నాకు నోటి దురుసు ఎక్కువ.

"ఆ మాట మా ఆవిడ మంగతాయారు ముందు మాత్రం అనకండి. మిషను ఉంచి నన్ను మార్చేస్తుంది."

షాపుకి వెళ్లి చూస్తే ఆయన అన్నది ఎందుకో అర్థమైంది. ఆ కంప్రెసర్ చిలకాకుపచ్చ రంగులో పెళ్లిపందిట్లోంచి లేచొచ్చినట్టుంది. చక్రాలకు పసుపు రంగు, పుల్లీకి ఎర్ర చారలు, ట్యాంకు మీద ఎండిన బంతిపూల దండ. మంగతాయారు గారు ఆ ట్యాంకుకే వీపు ఆనించి, స్టూలు మీద కూర్చుని ట్యూబుకి ఆకురాయి రుద్దుతున్నారు.

"ఈ చలికి దీని వెచ్చదనం నడుముకి హాయండీ," అన్నారు నవ్వుతూ. "ఇది రాకముందు లారీ టైర్లకి కూడా చేతిపంపుతో నేనే కొట్టేదాన్ని. ఈయన ప్యాచ్ వేసేవారు, నేను గాలి కొట్టేదాన్ని. రాత్రికి భుజాలు పైకి లేచేవి కావు. ఇదొచ్చాక ప్రాణం లేచొచ్చింది. అందుకే ప్రతి దసరాకీ ఆయుధపూజ ముందు నా చేత్తో దీనికి కొత్త రంగేస్తానండి."

"పాత రంగు గీకేసి వేస్తారా?"

"అయ్యో, గీకితే దానికి నొప్పి పుట్టదటండీ? దాని మీదే వేస్తాను."

నేను నవ్వుతూనే మిషను చుట్టూ తిరిగాను. సగం తిరిగేసరికి నవ్వు పోయింది. కంప్రెసర్ పని గాలిని నొక్కి ట్యాంకులో దాచడం. నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికి సిలిండర్ చుట్టూ పలుచటి రేకుల్లా ఫిన్స్ ఉంటాయి. వాటి సందులన్నీ రంగుతో పూడిపోయాయి. గాలిలోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ దాన్ని వదలడానికి కింద డ్రెయిన్ కాక్ అనే చిన్న కుళాయి ఉంటుంది. అక్కడ ఆకుపచ్చటి ముద్ద తప్ప కుళాయి కనిపించలేదు. ప్రెషర్ గేజి అద్దం మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. సూది ఎక్కడుందో అమ్మవారికే తెలియాలి.

ఇక సేఫ్టీ వాల్వ్. ట్యాంకులో ప్రెషర్ హద్దు దాటితే తనంతట తాను తెరుచుకుని ప్రాణాలు కాపాడేది అదే. దాని రింగు పట్టి లాగాను. రంగుకి అతుక్కుపోయి కదల్లేదు. గాలి నిండగానే మోటారు ఆపే స్విచ్ ఒక్కసారి మొరాయిస్తే ఆ ట్యాంకు బాంబే. ఆ బాంబుకి వీపు ఆనించి ఈవిడ కూర్చున్నారు.

"అక్కగారూ, ముందు అక్కణ్ణించి లేవండి!" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ గబుక్కున లేచారు. "ఏంటండీ, పాముందా?"

"పాము నయమండీ."

గాలంతా వదిలించి, మిషన్ని ట్రక్కు ఆటోలో నా షెడ్డుకి తెచ్చాను. డ్రెయిన్ కాక్ విప్పగానే వరదనాటి గోదావరిలా ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఎంతకీ ఆగలేదు. మర్నాడు మంగతాయారు గారు ఆసుపత్రికి వచ్చినట్టు టిఫిన్ క్యారేజీతో దిగారు. నేను ఫిన్స్ సందుల్లో రంగు గీకుతుంటే పక్కనే కూర్చుని పొరలు చెప్పారు. "ఆ నీలం మా పెద్దమ్మాయి పుట్టిన ఏటిదండి. ఆ ఎరుపు షాపు పైకప్పు మార్చిన ఏటిది." ఆ తర్వాత నా చెయ్యి కాస్త మెల్లగా నడిచింది. అంత ఇష్టంగా చూసుకున్న మిషను నా షెడ్డుకి అంతకుముందెప్పుడూ రాలేదు.

సిలిండర్లు బాగానే ఉన్నాయి. వాల్వ్ ప్లేట్ల మీద బొగ్గులా పేరుకున్న మసి తీసి, పిస్టన్ రింగులు మార్చాను. మిగిలింది ట్యాంకు. దానికి హైడ్రో టెస్ట్ చేయాలి. అంటే ట్యాంకు నిండా నీళ్లు నింపి, చేతిపంపుతో మామూలు ప్రెషర్ కన్నా ఎక్కువ పెంచి చూడటం. నీళ్లయితే ట్యాంకు చిల్లుపడినా పేలదు, కారుతుందంతే. సూర్యారావు గారు కూడా వచ్చారు. భార్యాభర్తలిద్దరూ వంగి ట్యాంకు వంకే చూస్తున్నారు.

ట్యాంకు అడుగున ఒక నీటిబొట్టు కనిపించింది. "చెమట పట్టిందండి పాపం," అంటూ ఆవిడ కొంగుతో తుడిచారు. మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచారు. మూడోసారి చెయ్యి చాపి, అలాగే ఆగిపోయారు.

"లోపల తుప్పు తినేసింది కదండీ? నీళ్లు పోయే దారి నేనే మూసేశాను." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నా చేత్తోనే చంపేసుకున్నాను దీన్ని."

ఓదార్చడం నాకు చేతకాదు. సుత్తి తీసుకుని ట్యాంకు అడుగున కొట్టాను, మొద్దుగా మోగింది. పైభాగాన కొట్టాను, ఖంగుమంది. "విన్నారా? పై సగం ఇనుము కొత్తదాని కన్నా గట్టిగా ఉంది. బయట తుప్పు పట్టకుండా కాచింది మీ రంగే. కానీ ట్యాంకు మాత్రం మార్చాల్సిందేనండి. ఇందులో మొహమాటం లేదు."

సూర్యారావు గారు భార్య వంక చూశారు. ఆవిడ ముక్కు తుడుచుకుని, "మార్చండి. పాతదాన్ని మాత్రం తుక్కుకి ఇవ్వను," అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. పంక్చర్ షాపులో ట్యూబు ముంచి బుడగలు చూడటానికి నీళ్ల తొట్టి కావాలి. పాత ట్యాంకుని నిలువునా కోయించి, గట్టి సగాన్ని తిరగేసి కాళ్లు వెల్డింగు చేయించాను. లోపల తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూశాను. బయటి రంగుల జోలికి పోలేదు. తొట్టి చూసి ఆవిడ నవ్వారు. నాకు కడుపు నిండినట్టయింది.

మరుసటి దసరాకి కబురొచ్చింది. "రంగు తెచ్చానండి. ఎక్కడ వెయ్యకూడదో మీరొచ్చి చెప్తేగానీ డబ్బా మూత తియ్యను." వెళ్లి ఫిన్స్‌కి, సేఫ్టీ వాల్వ్‌కి, గేజికి, డ్రెయిన్ కాక్‌కి గుడ్డపీలికలు చుట్టాను. ఆవిడ ట్యాంకుకి మాత్రమే రంగేసి ఆరనిచ్చారు. పీలికలు విప్పాక మోటారు వేశారు. గాలి నిండగానే సేఫ్టీ వాల్వ్ రింగు లాగారు, టుస్సుమంది. మోటారు ఆపి, వంగి డ్రెయిన్ కాక్ తిప్పారు, నీళ్లు చిమ్మాయి. ఆ తర్వాతే కుంకుమ తీసి, గేజికి తగలకుండా ట్యాంకుకి బొట్టు పెట్టారు.

"రోజూ ఇదే వరసండి," అన్నారు. "ముందు స్నానం, తర్వాతే బొట్టు."

అప్పటిదాకా నేను ప్రతి షాపులోనూ రంగులెయ్యొద్దు, బొట్లు పెట్టొద్దు అని అరిచేవాణ్ణి. ఎవరూ వినేవారు కాదు. ఆవిడను చూశాక అరవడం మానేశాను. మిషన్ని ప్రేమించే వాళ్లకు వద్దని చెప్పకూడదు, ఆ ప్రేమకు ఒక పని అప్పజెప్పాలి. ఆ తర్వాత ఏ షాపుకి వెళ్లినా, "రోజూ దీనికి స్నానం చేయించండి," అని డ్రెయిన్ కాక్ చూపించి వచ్చేవాణ్ణి.

పూజయ్యాక మంగతాయారు గారు నాకు ప్రసాదం పెట్టి, స్టూలు జరుపుకుని, రంగు ఆరిందో లేదో వేలితో చూసుకుని, ట్యాంకుకి వీపు ఆనించి కూర్చున్నారు. ఈసారి నేను లేవమనలేదు.