స్కానర్ డ్రైవర్ మీద పడ్డ నింద

నిన్న మా అత్త ముందర నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, కాఫీ తాగతా వినండి. నవ్వితే మాత్రం ఊరుకోను.

మైలాపూరులో మా ఇంటి పక్కనే ఒక స్కూల్లో కంప్యూటర్ టీచర్ పోస్ట్ పడింది. సాయంత్రం నాలుగింటిలోపల సర్టిఫికెట్లు స్కాన్ చేసి అప్‌లోడ్ చెయ్యాల. ఇన్నేండ్లుగా ఊరికి ఆ కొసనుండే ఎన్నూరు స్కూలుకి బస్సులు మారి పోయొస్తా ఉండా. ఈ ఉద్యోగం నాకు కావాల. ఒంటిగంటకే కూర్చున్నా.

మా పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసింది నేనే, ఆ గర్వం ఒకటి. స్కానర్‌కి కరెంటు వైరు, కంప్యూటర్ వైరు రెండూ తగిలించినా. లైటు వెలిగింది. కంప్యూటర్ మాత్రం స్కానరే లేదు పొమ్మంటా ఉంది. సరి, తప్పు స్కానర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ది, అదే డ్రైవర్‌ది అనుకున్నా. తీసేసినా, మళ్ళీ వేసినా. పర్మిషన్లు మార్చినా. రీస్టార్ట్ చేసినా. రెండున్నర. కాలు ఒకచోట నిలవడంలా.

"వీధి చివర జెరాక్స్ అంగడి ఉండాది గదమ్మే, ఆడ చేస్తారు," అనింది అత్త, చిక్కుడుకాయల ఈనెలు తీస్తా.

"కంప్యూటర్ టీచర్ పోస్ట్‌కి జెరాక్స్ అంగడికి పొమ్మంటారా? ఇది లినక్స్ అత్తా, మీకు తెలీదు. డ్రైవర్ ప్రాబ్లం."

మూడుంబావు. సిస్టమ్ మొత్తం అప్‌డేట్ పెట్టినా. అది నింపాదిగా దిగతా ఉంటే నాకు ఏడుపొకటే తక్కువ.

అత్త లేచొచ్చి, కళ్ళద్దాలు సర్దుకోని స్కానర్ వెనక తొంగి చూసింది.

"కంప్యూటర్ వైరు సగమే పోయిండాది. లోపలేందో అడ్డం ఉండాది చూడు."

పీకి చూస్తే, వైరు దూరే ఆ నలుచదరపు బెజ్జం నిండా ఎండిపోయిన గంధం, నడిమధ్యలో కుంకుమ.

పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఆయుధ పూజ నాడు వైర్లన్నీ పీకి, తుడిచి, బీరువా మొదలు మిక్సీ దాకా అన్నిటికీ బొట్లు పెట్టినా. స్కానర్ వెనక ఆ చదరం చూసి, బొట్టు కోసమే చేసినట్టుందే అని ముచ్చటపడి, రాలిపోకుండా వేలితో అదిమి మరీ పెట్టినా. ఆ తర్వాత దాన్ని వాడిందే లేదు.

పిన్నీసుతో గీకినా. వైరు మళ్ళీ గుచ్చితే కంప్యూటర్‌కి స్కానర్ కనిపించింది. నాలుగుకి ఐదు నిమిషాలుందనంగా ఆఖరి సర్టిఫికెట్ ఎక్కింది.

సబ్మిట్ కొట్టబోతా ఉంటే, "ఆ కింది గడిలో ఏం రాసుండావు?" అనింది అత్త.

పొద్దున నేనే నింపిన గడి. గొంతు తగ్గించి చదివినా. "ప్రత్యేక నైపుణ్యం: హార్డ్‌వేర్ సమస్యలు కనిపెట్టడం."

"అయితే ఆడ నా పేరు రాయమ్మే," అని చిక్కుడుకాయల దగ్గరికి పోయింది.

పేరు రాయలా గానీ, గడి మాత్రం ఖాళీ చేసి సబ్మిట్ కొట్టినా.